‘ధైర్యంగా ఉండు’ అని చేతులు దులుపుకోకండి

2023 ఏప్రిల్ 26న ఇంటర్మీడియట్ ఫలితాలు వచ్చాయి. రెండు రోజులు తిరక్కుండానే రాష్ట్రంలో తొమ్మిదిమంది పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. అందులో ఒకడు మన అనకాపల్లి కుర్రాడు, పదిహేడేళ్లవాడు. ఫస్టియర్‌లో మార్కులు తక్కువొచ్చాయని కుంగిపోయాడని అప్పటి వార్త. ఆ ఏడాది ఫస్టియర్‌లో పాసైనవాళ్లు 61 శాతం, సెకండియర్‌లో 72 శాతం. అంటే ఫెయిలైన పిల్లలు రాష్ట్రంలో లక్షల్లో ఉన్నారు. సప్లిమెంటరీ ఎంతో దూరంలో లేదు, మార్కులు పెంచుకోడానికి మళ్లీ రాసుకునే దారీ ఉంది. ఇవేవీ ఆ పిల్లలకు తెలియనివి కావు. గుండె దడదడలాడుతూ, ఊపిరి ఆడక, వీధిలోకెళ్తే ఎవరేమంటారోనని తలుపేసుకున్న ఆ ఒక్క రాత్రిని ఎలా దాటాలో మాత్రం తెలియలేదు. పదేళ్లకు పైగా బడికి పంపిన మనం ఆ ఒక్క సంగతి నేర్పలేదు.

ఏ ప్రాణమూ ఒక్క కారణంతో పోదు. ఆ ఇళ్లలోని తల్లిదండ్రుల మీద వేలెత్తి చూపే హక్కు ఎవరికీ లేదు. నా కోపమంతా ఊరి మీద, బడి మీద, ఏలికల మీద. ఫలితాలు వచ్చిన ప్రతిసారీ పెద్దలు ఇచ్చే సందేశం ఒక్కటే: పిల్లలు ధైర్యంగా ఉండాలి. ఎలా ఉండాలో చెప్పేవాడు లేడు. త్రికోణమితి నేర్పడానికి మాస్టారు కావాలి, పుస్తకం కావాలి, వారానికి ఇన్ని పీరియడ్లు కావాలి. ధైర్యం మాత్రం పుట్టుకతోనే ఒంట్లో ఉండాలట! లేకపోతే ఆ పిల్లాడు పిరికివాడట! ఈ మాట అబద్ధం. భయాన్ని, కోపాన్ని, దిగులును పట్టుకుని నడవడం నేర్చుకుంటే వచ్చే విద్య. నేర్పకుండా పరీక్ష పెట్టేవాడు గురువూ కాడు, పెద్దా కాడు.

ఈ నేర్పకపోవడం ఇంట్లోనే మొదలవుతుంది. సోమవారం పొద్దున్న ఏ వీధిలోనైనా చెవి ఒగ్గి వినండి. “అమ్మా, కడుపు నొప్పి.” “ఏటి నొప్పి? నిన్న గంతులేసినప్పుడు లేదేటి? బడి ఎగ్గొట్టడానికి యేసాలు!” మళ్లీ సోమవారం అదే నొప్పి. మూడో వారానికి ఆర్‌ఎంపీ దగ్గర గ్యాస్ మాత్ర. ఆ తర్వాత గాలి సోకిందేమోనని దిష్టి తీయడం, నూకాలమ్మకు మొక్కుకోవడం. అమ్మవారికి దండం పెట్టుకోండి, తప్పులేదు. కానీ ఇంతమంది దగ్గరికి తీసుకెళ్లిన పిల్లని కూర్చోబెట్టి “బడిలో ఏం జరుగుతోంది తల్లీ, దేనికి భయమేస్తోంది?” అని అడిగినవాళ్లు ఎందరు? అడగం. అడిగితే జవాబు వస్తుంది, జవాబు వస్తే మనం ఏదో ఒకటి చెయ్యాల్సి వస్తుంది.

ఆ నొప్పి వేషం కాదు. ప్రమాదం ఉందని మెదడు అనుకున్న క్షణంలోనే అడ్రినలిన్ రక్తంలోకి దూకుతుంది. గుండె వేగం పెరుగుతుంది, ఊపిరి పైపైనే ఆడుతుంది, పొట్టకు వెళ్లాల్సిన రక్తం కాళ్ల, చేతుల కండరాలకు మళ్లుతుంది. అరచేతులు చల్లబడతాయి, కడుపులో తిప్పుతుంది, మాటిమాటికీ బాత్రూముకు వెళ్లాలనిపిస్తుంది. పాము ఎదురైనా, లెక్కల మాస్టారు బోర్డు దగ్గరికి పిలిచినా ఒంటికి ఒకటే. ఈ ఉద్రేకాన్ని అదుపు చేసే మెదడు ముందు భాగం పూర్తిగా ఎదిగేది ఇరవై దాటాకే. ఇంకా ఎదగని మెదడుతో, ఎవరూ నేర్పని విద్యతో, మన గుంటలు రోజూ ఈ పోరాటం చేస్తున్నారు. మనం దాన్ని నటన అంటున్నాం. 2015–16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో 13 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉన్నట్టు తేలింది. నలభైమంది ఉన్న తరగతిలో ముగ్గురు. మాస్టారూ, మీ తరగతిలో ఆ ముగ్గురెవరో మీకు తెలుసా?

ఆర్టీసీ కాంప్లెక్సులో ఒక దసరా సెలవుల చివరి రోజు చూశాను. ట్రంకు పెట్టె మీద ఆవకాయ సీసా పెట్టుకుని, హాస్టల్‌కు తిరిగి వెళ్తున్న పిల్లాడు. పన్నెండేళ్లుంటాయి. కింది పెదవి అదురుతోంది. తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తండ్రి వాడి భుజం కుదిపి “మొగాడివి, ఏడుస్తావేటి? అందరూ చూత్తన్నారు” అన్నాడు. వాడు కళ్లు తుడుచుకుని బస్సెక్కాడు. తండ్రి గెలిచాననుకున్నాడు. నిజానికి వాడు ఆ క్షణంలో ఒక పాఠం నేర్చుకున్నాడు: బాధ వస్తే నాన్నకు చెప్పకూడదు. ఆడపిల్లకు ఈ పాఠం ఇంకోలా చెప్తాం, “ఆడపిల్లకంత కోపమేటి” అని. పదేళ్లు ఇలా నోరు నొక్కి, పదిహేడో ఏట “మాకొక మాట చెప్పుంటే బాగుండేది కదా” అని ఏడుస్తాం. చెప్పనివ్వలేదు కదా మనం!

బెల్లం ఊరివాళ్లం మనం. గానుగ దగ్గర పెనం ముందు నిలబడ్డ మనిషిని గమనించండి. చెరకు రసం మరిగి నురగ పైకి ఎగదన్నినప్పుడు అతను పెనాన్ని తిట్టడు, రసాన్ని సిగ్గులేదా అని అడగడు. పొయ్యిలోకి పిప్పి ఎగదోయడం తగ్గిస్తాడు, మడ్డి తీస్తాడు, కలియబెడతాడు, పక్కనుంచి కదలడు. పిల్లల విషయంలో మనం చేస్తున్నది సరిగ్గా దీనికి తలకిందులు. మంట పెంచుతాం, పొంగితే తిడతాం, పక్కన మాత్రం ఉండం.

ఇక ఆ విద్య ఏమిటో చెప్తాను, ఎందుకంటే ‘కౌన్సెలింగ్’ అనగానే అదేదో డబ్బున్నవాళ్ల వ్యవహారమని కొట్టిపారేసేవాళ్లు మన ఊళ్లో ఎక్కువ. మా పక్కింటి మూడో తరగతి పిల్ల ఒకరోజు బడికి వెళ్లనని అరుగు మీద కూలబడింది. “భయం ఎక్కడుందమ్మా?” అని అడిగాను. పొట్ట మీద చెయ్యేసింది. “ఇక్కడ గిర్రున తిరుగుతంది తాతా.” ఆ చెయ్యి అక్కడే ఉంచి, పొట్ట ఉబ్బేలా ముక్కుతో నాలుగు అంకెలు లెక్కపెట్టేంతసేపు గాలి తీసుకోమన్నాను. పెదాలు సున్నాలా చుట్టి ఆరు అంకెల దాకా మెల్లగా వదలమన్నాను. వదిలే ఊపిరి పొడుగైతే వేగస్ నాడి గుండెను నెమ్మదింపజేస్తుంది. తర్వాత రెండు గుప్పిళ్లలో నిమ్మకాయలున్నాయనుకుని గట్టిగా పిండి, ఒక్కసారి వదిలెయ్యమన్నాను. కాసేపటికి చెవుల దాకా ఎక్కిన భుజాలు కిందికి దిగాయి. “గేటు దాకా నువ్వొస్తావా?” అంది. వెళ్లాను. భయం పోలేదు దానికి. భయంతోనే నడిచి లోపలికెళ్లింది. నేర్చుకోవాల్సింది అదే.

దీనికి ఖర్చు లేదు, యంత్రం అక్కర్లేదు. కావాల్సింది ముందుగా, ప్రశాంతంగా ఉన్న రోజుల్లో, పదేపదే చేయించడం. భయం ముంచెత్తిన గంటలో కొత్త విద్య ఏదీ ఎక్కదు. పరీక్ష హాలు గేటు దగ్గర నిలబడి “టెన్షన్ పడకు” అని అరిస్తే ఆ పిల్లకు వినిపించేది టెన్షన్ అన్న మాటే.

రెండో పని, లోపలున్నదానికి పేరు పెట్టడం నేర్పాలి. పిల్లాడు పలక విసిరికొట్టాడంటే అది కోపమే కానక్కర్లేదు. తమ్ముడి మీద అసూయ కావచ్చు, తరగతిలో నవ్వారన్న సిగ్గు కావచ్చు, అమ్మా నాన్నా రాత్రి పోట్లాడుకున్నారన్న దిగులు కావచ్చు. పేరు తెలిసినదాన్ని నోటితో చెప్పగలడు. చెప్పలేనిదాన్ని చేత్తో చూపిస్తాడు. మూడో పని, ఆ బెంగను కాగితం మీద పెట్టించడం. ఇందులో ఇవాళ నేను చెయ్యగలిగింది ఏది, నా చేతిలో లేనిది ఏది అని విడదీయించడం. చెయ్యగలిగినదాంట్లో మొదటి చిన్న అడుగు ఏదో వాడి చేతే చెప్పించడం.

నాలుగోది అన్నిటికన్నా ముఖ్యం, అన్నిటికన్నా కష్టం. ‘ఇదంతా గారాబం, పిల్లల్ని మెత్తగా చేసి పాడు చేస్తారు’ అనే పెద్దమనుషులు దీన్ని చెవులారా వినాలి. భయాన్ని తప్పించుకోనిస్తే అది పెరుగుతుంది. నలుగురిలో మాట్లాడటానికి భయపడే పిల్లని ఇంట్లో కూర్చోబెడితే ఆ పూటకి హాయి, మర్నాటికి రెట్టింపు భయం. ఒక్కసారిగా స్టేజీ మీదికి తోసినా అంతే. మెట్టు మెట్టుగా ఎక్కించాలి. మొదట అద్దం ముందు, తర్వాత అమ్మ ముందు, స్నేహితురాలి ముందు, తరగతిలో కూర్చున్న చోటునుంచి ఒక్క జవాబు, ఆఖరికి బోర్డు దగ్గర. ప్రతి మెట్టు మీదా భయం తగ్గేదాకా నిలబడనివ్వాలి. అమెరికాలో ఫిలిప్ కెండల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త భయస్తులైన పిల్లల కోసం 16 సిట్టింగుల శిక్షణ తయారుచేశాడు. మొదటి సగం ఈ నైపుణ్యాలు నేర్పడం, రెండో సగమంతా భయపడే పనుల్ని ఒక్కొక్కటే చేయించడం. ఇందులో గారాబం ఎక్కడుంది? బెత్తం పట్టుకోవడం తేలిక. పక్కన నిలబడి ఒక్కో మెట్టూ ఎక్కించడానికే ఓపికా, క్రమశిక్షణా కావాలి.

‘మా కాలంలో ఇవన్నీ ఉన్నాయా, మేం బతకలేదా?’ అనేవాళ్లకు ఒక్క పేరు గుర్తుచేస్తాను. ఇవాళ్టి మన జిల్లాలోని ఎస్. రాయవరంలో పుట్టినవాడు గురజాడ అప్పారావు. ఆయన రాసిన పూర్ణమ్మ కథాగేయం చదవని తెలుగువాడు తక్కువ. ముసలివాడికి కట్టబెట్టిన ఆ పసిపిల్ల చుట్టూ అమ్మ ఉంది, నాన్న ఉన్నాడు, అన్నలూ తమ్ముళ్లూ ఉన్నారు. ఇంటినిండా జనం ఉండి ఒక్కరూ ఆ పిల్ల లోపల ఏముందో వినలేదు, చివరికి ఆ పిల్ల దక్కలేదు. మీ కాలంలోనూ పిల్లలు పోయారు. లెక్క రాసుకున్నవాళ్లు లేరంతే. ఇప్పుడు లెక్క ఉంది. జాతీయ నేర గణాంకాల ప్రకారం 2022లో దేశంలో ప్రాణాలు తీసుకున్న విద్యార్థులు 13,044 మంది. ఇంతమందినీ పిరికివాళ్లని కొట్టిపారేసే ధైర్యం ఎవరికుంది?

ఇక చట్టం మాట. 2023 జూలైలో, మనకు గంట దూరంలోని విశాఖపట్నంలో, నీట్ కోచింగ్‌కు వచ్చి హాస్టల్‌లో ఉంటున్న పదిహేడేళ్ల అమ్మాయి చనిపోయింది. తండ్రి సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. 2025 జూలై 25న జస్టిస్ విక్రమ్ నాథ్, జస్టిస్ సందీప్ మెహతా ధర్మాసనం దర్యాప్తును సీబీఐకి అప్పగించింది. దాంతో ఆగకుండా దేశమంతటికీ వర్తించే 15 మార్గదర్శకాలు ఇచ్చింది. ప్రభుత్వాలు చట్టం చేసేదాకా అవి పాటించి తీరాల్సినవే. వందమంది, అంతకుమించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో శిక్షణ పొందిన కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో కనీసం ఒకరుండాలి. మార్కుల్ని బట్టి పిల్లల్ని సెక్షన్లుగా విడగొట్టకూడదు. నలుగురిలో అవమానించకూడదు. సిబ్బంది మొత్తానికీ ఏడాదికి రెండుసార్లయినా శిక్షణ ఇవ్వాలి. తల్లిదండ్రులకు అవగాహన కల్పించాలి. హెల్ప్‌లైన్ నంబర్లు కనబడేలా రాసిపెట్టాలి. అమలు చూడ్డానికి కలెక్టరు అధ్యక్షతన జిల్లా కమిటీ ఉండాలి.

ఇప్పుడు మన చుట్టూ ఉన్న రెసిడెన్షియల్ కాలేజీల బోర్డులు చూడండి. మార్కుల వారీ సెక్షన్లకు ఆకర్షణీయమైన పేర్లు పెట్టి, ఆ పేర్లనే ఫ్లెక్సీల మీద అమ్ముకుంటున్నారు. చీకటితో లేపి రాత్రి పదింటిదాకా స్టడీ అవర్స్. వారం వారం టెస్టు, టెస్టు టెస్టుకీ ర్యాంకు, ఆ ర్యాంకు నాన్న ఫోనుకు మెసేజ్. కింది సెక్షన్‌లోకి దింపిన పిల్లాడికి తోటి పిల్లలు పెట్టే పేరేమిటో యాజమాన్యానికి తెలుసు. తెలిసీ దింపుతారు, అవమానం వల్ల చదువొస్తుందని నమ్మించి ఫీజు తీసుకుంటారు. దేశపు అత్యున్నత న్యాయస్థానం వద్దన్న పనినే ప్రకటన వేసి మరీ చేయడం బరితెగింపు కాక ఏమిటి?

ఇక్కడే ఒక మోసాన్ని ముందుగా పసిగట్టాలి. రేపు ఇవే సంస్థలు ఒక ఆదివారం ఎవరినో పిలిచి, మైదానంలో పిల్లల్ని వరసల్లో కూర్చోబెట్టి ఊపిరి పీల్పించి, ఫొటోలు తీయించి ‘మానసిక వికాస శిబిరం’ అని పేపర్లో వేయిస్తాయి. సోమవారం నుంచి మళ్లీ అదే అవమానం, అదే ర్యాంకు, అదే చీకటితో లేపడం. క్రూరత్వాన్ని ఓర్చుకోడానికి పిల్లలకు ఊపిరి పాఠం చెప్పడం ఆ విద్యకే అవమానం. భయాన్ని దాటే నేర్పు పిల్లలది, భయపెట్టడం ఆపే బాధ్యత పెద్దలది. రెండోది చెయ్యకుండా మొదటిది అడిగేవాడిని నమ్మకండి. కొట్టే మాస్టారి ముందు పిల్లకు కావాల్సింది నాలుగు అంకెల ఊపిరి కాదు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్. ఎలిమెంటరీ బడిలో శారీరక శిక్షనే కాదు, మానసిక వేధింపునూ అది నిషేధించింది.

ఈ జిల్లా పిల్లల భయాలు మార్కులతోనే ఆగవు. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లో ఒక ఫార్మా కంపెనీలో పేలుడు జరిగి 17 మంది చనిపోయారు. 2025 ఏప్రిల్ 13న కోటవురట్ల మండలం కైలాసపట్నంలో బాణసంచా తయారీ కేంద్రంలో పేలుడుకు ఎనిమిది మంది బలయ్యారు. ఆ రోజుల్లో నష్టపరిహారం ఎంతన్న చర్చ విన్నాం, తనిఖీల మాట విన్నాం. ఆ ఊళ్లలో నాన్న నైట్ షిఫ్టుకు చెప్పులేసుకుంటుంటే చొక్కా పట్టుకుని వదలని పిల్లల గురించి మాత్రం ఎవరూ మాట్లాడగా నేను వినలేదు. ఆ పిల్లల నిద్ర కూడా పరిశ్రమలు చెల్లించాల్సిన మూల్యంలో భాగమే.

కౌన్సెలర్లు ఎక్కణ్నుంచి తెస్తాం, డబ్బులేవీ అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లలోనే బడుల్లో నేర్పాల్సిన పది జీవన నైపుణ్యాలను చెప్పింది. ఉద్వేగాల్ని సంబాళించుకోవడం, ఒత్తిడిని తట్టుకోవడం అందులో రెండు. మూడు దశాబ్దాలు దాటింది, ఇంకా డబ్బులేవీ అనే దగ్గరే ఉన్నాం. సైకాలజీ, సోషల్ వర్క్ చదివి ఉద్యోగాల కోసం ఎదురుచూస్తున్న పిల్లలు మన రాష్ట్రంలోనే ఉన్నారు. ప్రతి మండలానికీ ఒకరిని వేసి, వారానికి ఒక బడికి పంపినా మొదలైనట్టే. ఈలోగా టెలి మానస్ ఉంది. 2022 అక్టోబరు 10న మొదలైన ఉచిత సేవ, నంబరు 14416, పగలూ రాత్రీ తెలుగులోనే మాట్లాడొచ్చు. ప్రతి తరగతి గోడ మీద, ప్రతి హాస్టల్ తలుపు వెనక ఈ అయిదంకెలు రాయడానికి బడ్జెట్ అక్కర్లేదు, డబ్బా రంగు చాలు.

ఊపిరి, కాగితం, మెట్లు అన్నిటికీ సరిపోవు. వారాల తరబడి తిండి, నిద్ర తప్పినా, ఇష్టమైన ఆటలు మానేసినా, తనను తాను గాయపరచుకున్నా, చచ్చిపోవాలనుంది అని ఒక్కసారి అన్నా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి, ఆ పిల్లని ఒంటరిగా వదలకూడదు. ‘వాల్తేరు పంపాలి వీణ్ని’ అని అక్కడి మానసిక ఆసుపత్రి పేరు చెప్పి నవ్వే నోళ్లు ఇక మూసుకోవాలి. జ్వరానికి ఆసుపత్రికి వెళ్తే పరువు పోనప్పుడు, దిగులుకు వెళ్తే ఎందుకు పోతుంది?

2024 డిసెంబరు 7న రాష్ట్రమంతటా ప్రభుత్వ బడుల్లో మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ పెట్టారు. ఆ తర్వాతా పెట్టారు. మంచి ఏర్పాటు. తల్లులారా, తండ్రులారా, ఈసారి అలాంటి మీటింగ్‌కు వెళ్లినప్పుడు మార్కుల కార్డు పక్కన పెట్టి మూడు ప్రశ్నలు అడగండి. మా పిల్లకు భయమేస్తే ఈ బడిలో ఎవరి దగ్గరికి వెళ్లాలి, ఆ మనిషి పేరు చెప్పండి. టైంటేబుల్‌లో ఈ విద్యకు వారానికి ఒక పీరియడ్ ఎప్పుడు పెడతారు, తేదీ చెప్పండి. మార్కుల్ని బట్టి పిల్లల్ని విడగొడుతున్నారా లేదా, రాసివ్వండి. ప్రైవేటు కాలేజీలో ఫీజు కట్టే ముందు కౌంటర్ దగ్గరే ఈ మూడూ అడగండి. జవాబు లేకపోతే కలెక్టరాఫీసులో సోమవారం గ్రీవెన్స్‌లో అర్జీ పెట్టండి, సుప్రీంకోర్టు చెప్పిన జిల్లా కమిటీ ఏం చేసిందో రాతపూర్వకంగా చెప్పమనండి. ఒక్కరు అడిగితే విసుక్కుంటారు. వందమంది అడిగితే కుర్చీలేసి కూర్చోబెట్టి సమాధానం చెప్తారు. అడగడం మన పని, ఈ వారమే మొదలుపెడదాం.